అడగొద్దన్న ప్రశ్న

ప్రెస్సు మీది గది,
సోమవారం

అక్కా,

టైలరమ్మను నేల మీద పడేసింది బావ. చుట్టుతిప్పి చెప్పడం నాకు చేతకాదు. కళ్ళు తిరిగి పడిపోయిందని ఆయన ఫోనులో నీకు చెప్పే ఉంటాడు. కళ్ళు వాటంతటవి తిరగవు. తిప్పినవాడు ఒకడుంటాడు.

శనివారం పొద్దున్నే మనవాళ్ళంతా ఎప్పటిలా సెంటరుకి వచ్చారు. ఫొటోలో బాగా పడాలని బావ ఆ బరువు తగ్గించే పొడి డబ్బాలన్నీ గోడవారన మేడలా పేర్చి పెట్టాడు. అందరూ పొడి కలిపిన గ్లాసులు ఖాళీ చేశారు. "ఈ వారం మన మహారాణి ఎవరు?" అని బావ అరిచాడు. "టైలరమ్మ!" అని మేమంతా చప్పట్లు. ఆవిడ తూకం మిషను ఎక్కింది. నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట పట్టింది. నా వైపు చెయ్యి చాపి, "దారం అందుకో అబ్బాయ్, తెల్లది" అంది. తన ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్నాననుకుంది అక్కా! ఆ మాట అంటూనే పక్కకి ఒరిగి డబ్బాల మేడ మీద పడింది. డబ్బా అంచు తగిలి కనుబొమ మీద చీరుకుపోయింది.

అప్పుడు బావ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పనా? "నీళ్ళు" కాదు. "డాక్టరు" కాదు. "ఎవరూ ఫొటోలు తీయకండి!"

రెండో మాట, "గాలి తగలాలి, బయటికి తీసుకెళ్దాం." మన మెట్ల సందులో గాలి ఉంటుందా? అక్కడ అగ్గిపుల్ల గీసినా ఆరదు. లోపలివాళ్ళకి కనబడకూడదని ఆవిడను మోసుకెళ్ళి ఆ మెట్ల మీద కూర్చోబెట్టారు. నేను కిందికి పరుగెత్తి ప్రెస్సు డెలివరీ బండి బయటికి తీయించి, కాగితం కట్టల మధ్య ఆవిడను పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాను. తిరిగొచ్చేసరికి నేల తుడిచి ఉంది. డబ్బాల మేడ మళ్ళీ లేచి ఉంది.

డాక్టరమ్మ నన్ను చూసి ఏమందో తెలుసా? "సుగరు మాత్ర వేసుకుని భోజనం మానేస్తే పడిపోక ఏం చేస్తుంది? మానెయ్యమన్న మహానుభావుడు ఎవరు?" నేను తల వంచుకున్నాను. రెండు పూటలు భోజనం మాని గ్లాసు తాగమన్నది మన సెంటరే కదా!

మనం ఈ గది ఎందుకు తెరిచాం అక్కా? నువ్వు పోషకాహారం చదివి పాసై వచ్చి, ఆసుపత్రిలో రోగి పక్కన ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వడం లేదని ఉద్యోగం వదిలేశావు. మా ప్రెస్సు ఓనరును బతిమాలి ఈ గది ఇప్పించాను. ఇద్దరం కలిసి సున్నం వేశాం. గోడ మీద నువ్వు పెద్ద కంచం బొమ్మ గీశావు, ఆకుకూర ఇంత, గుడ్డు ఇంత, పండు ఇంత అని. మొదటి కరపత్రం నేను కంపోజు చేశాను: 'ఏమీ కొనక్కర్లేదు. మీ వంటగదిలో ఉన్నదాంతోనే మొదలుపెడదాం.' ఆ కంచం ఇప్పుడు డబ్బాల వెనక ఉంది. బావ బీమా పాలసీలు అమ్మడం మానేసి మన గదిలో కాలు పెట్టిన రోజే మన గది షాపయింది.

ఆయన్ని పంపించెయ్. లేదా నేను పంపిస్తాను. ఫోనులో అయితే "తర్వాత చేస్తాన్రా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు, అందుకే రాస్తున్నాను.

నీ తమ్ముడు


కొత్త సెంటరు,
గురువారం

చిచ్చుబుడ్డీ,

నీ ఉత్తరం ఇక్కడ రంగు డబ్బాల మధ్య నిలబడి చదివాను. పెయింటరు, "ఇంటి దగ్గర అంతా క్షేమమేనా మేడమ్?" అని అడిగాడు. నా మొహం అలా ఉందన్నమాట. క్షేమమే అన్నాను.

ముందు టైలరమ్మ సంగతి రాయి. కుట్లు పడ్డాయా? ఇంట్లో చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పళ్ళు తీసుకెళ్ళు. రెండు మూడు రోజులు మిషను తొక్కొద్దని నా మాటగా చెప్పు. బావను పంపించకు, నువ్వే వెళ్ళు. ఆయన నోరు తెరిస్తే ఓదార్పు కూడా అమ్మకంలా వినిపిస్తుంది, నాకు తెలుసు.

అంతమాత్రాన ఆయనే పడేశాడని రాయొచ్చా? నువ్వు నిప్పు తొక్కిన కోతివి. ఎక్కడ గెంతుతున్నావో చూసుకోవు. ఆయన కంగారులో ఏదో అన్నాడు. కంగారులో మనిషి మంచి మాట వెతుక్కుని మాట్లాడతాడా? పొద్దుటినుంచి రాత్రి దాకా ఆ గదిని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? నేను ఇక్కడ, నువ్వు కింద ప్రెస్సులో.

కంచం బొమ్మ గురించి రాశావు. ఆ బొమ్మ ముందు నేను రోజంతా కూర్చుంటే వచ్చేది ఎవరో గుర్తుందా? వర్షం వస్తే తల దాచుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆకుకూర తినమని చెబితే, "అది మాకు తెలీదా అమ్మా" అని నవ్వి పోయేవాళ్ళు. మంచి మాట ఉచితంగా ఇస్తే గాలికి పోతుంది తమ్ముడూ. డబ్బాలో పెట్టి మూత బిగించి ఇస్తే ఇంటికి పట్టుకెళ్ళి రోజూ తెరుస్తారు. అది నేను కనిపెట్టిన నిజం కాదు. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాళ్ళూ ఏడాది తిరక్కుండా నేర్చుకునే నిజం.

ఆవిడ ఏమైనా అందా? అంటే, మన గురించి, నా గురించి ఏమైనా. ఊరికే అడుగుతున్నాను. ఎవరితో ఏమన్నా ముందు నాకు రాయి.

కోపం తగ్గించుకో. భోజనం మానకు.

అక్క


ప్రెస్సు మీది గది,
మంగళవారం

అక్కా,

భోజనం మానకు అని నాకు రాస్తావు. మిగతావాళ్ళకు మానమని అమ్ముతావు. బాగుంది.

నిన్న టైలరమ్మ ఇంటికి వెళ్ళాను. చిన్న గది. మిషను, ఇస్త్రీ బల్ల, తగిలించిన సగం కుట్టిన బట్టలు, వాటి మధ్య ఆవిడ. కనుబొమ మీద కట్టు. చేతిలో కత్తెర. మిషను తొక్కొద్దని నీ మాటగా చెబితే, తొక్కడం లేదుగా, కత్తిరిస్తున్నాను అంది.

"రా ప్రెస్సబ్బాయ్. పళ్ళు తెచ్చావా? గ్లాసు తేలేదు కదా?"

"తేలేదు."

"బతికించావు. కూర్చో, ఆ చొక్కా మీద కాదు, అది పెళ్ళికొడుకుది."

క్షమించమని అన్నాను. ఆవిడ కత్తెర ఆపింది. "నువ్వెందుకు? నువ్వేం చేశావు, చప్పట్లు కొట్టావు. నాకూ ఇష్టమే చప్పట్లు. ఇన్నేళ్ళు జనానికి కొలతలు తీశానా, నా నడుం కొలత గురించి ఒక్కరు మంచి మాట అన్నారా? మీ సెంటర్లో అన్నారు. ఆ మాట కోసమే నీరసంగా ఉన్నా చెప్పకుండా వచ్చాను. చెబితే మీ బావ మహారాణి కిరీటం ఇంకెవరికో పెడతాడుగా."

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రక్తం మరిగింది.

అక్కడినుంచి తిన్నగా సెంటరుకి వెళ్ళాను. బావ కొత్తగా చేరిన ఒక లారీ డ్రైవరును తూకం మిషను ఎక్కిస్తున్నాడు. సాయంత్రం, కడుపునిండా తిని వచ్చిన మనిషి, కాళ్ళకు బరువైన బూట్లు. "బూట్లు విప్పక్కర్లేదన్నా, ఎక్కెయ్!" అంటున్నాడు. రెండోసారి తూకం ఎప్పుడు? పొద్దున్నే, పరగడుపున, ఒట్టి కాళ్ళతో. బూట్లు, తిన్న తిండి కరిగిపోతాయి, మేం చప్పట్లు కొడతాం! ఇన్ని నెలలు నేనూ ఆ మిషను పక్కనే నిలబడ్డాను. అది సౌకర్యం కోసం అనుకున్నాను. నా బుర్రలో ఉన్నది మెదడా, అచ్చు సిరా?

డ్రైవరు వెళ్ళాక తలుపు వేశాను.

"బావా, ఆయన ఏ మాత్రలు వేసుకుంటాడో అడిగారా?"

"అడగం."

"ఎందుకడగరు?"

"రూలు. పొడి కంపెనీ ట్రైనరు, మన చప్పట్ల సారు, మొదటి రోజే చెప్పాడు. అడిగితే తెలిసినట్టు. తెలిస్తే బాధ్యత. అడక్కపోతే మనం పొడి అమ్మేవాళ్ళం, అంతే."

"మనిషి పడిపోతే?"

"దేవుడి దయ వల్ల ఏం కాలేదుగా."

మొదటిసారి బావను 'నువ్వు' అన్నాను అక్కా. ఆ తర్వాత అన్నవి కూడా రాయగలను గానీ ఉత్తరం నీ చేతికి అందేలోపు కాలిపోతుంది. ఆయన డబ్బాల మూతలు తుడుచుకుంటూ, "మీ అక్కనడుగు" అన్నాడు. పిరికివాడు! తన పాపం పెళ్ళాం కొంగున కడుతున్నాడు.

ఇది మాత్రం చెప్పు. పాత రోజుల్లో మనిషి కుర్చీలో సర్దుకోకముందే నువ్వు ఏం అడిగేదానివి? "ఏ మందులు వాడుతున్నారు?" పేరు కూడా ఆ తర్వాతే. ఆ ప్రశ్నను ఆ గదిలోంచి వెళ్ళగొడుతుంటే నువ్వెలా ఊరుకున్నావు? నీకు తెలియకుండా చేశాడు కదూ బావ? తెలియదని ఒక్క ముక్క రాయి చాలు.

నీ తమ్ముడు


కొత్త సెంటరు,
శుక్రవారం

తమ్ముడికి,

నీ చదువంతా ఎనిమిది పేజీల పుస్తకాలు. అవీ నువ్వు కొన్నవి కావు, ప్రెస్సులో అచ్చు తప్పులు దిద్దుతూ చదివినవి. వాటిలో లోకం రెండే ముక్కలు, దోచేవాడు, దోపిడీకి గురయ్యేవాడు. మధ్యలో అద్దె కట్టేవాడు ఒకడుంటాడని నీ పుస్తకాలు ఎక్కడా రాయవు.

ఊరుకున్నానా అని అడుగుతున్నావా? ఊరుకున్నాను. రూలు వాళ్ళది. డబ్బాలు వాళ్ళవి. గోడ మీద రంగు వాళ్ళది, ఈ కొత్త సెంటరు తలుపు తాళం కూడా నిన్నటిదాకా వాళ్ళ దగ్గరే ఉంది. నా పేరు బోర్డు మీద చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది. నీ ఆదర్శాల్ని నమ్ముకుని ఉంటే ఆ చిన్న అక్షరాలు కూడా ఉండేవి కావు. ఆసుపత్రిలో నన్ను మెట్ల కింద కూర్చోబెట్టారు. నువ్వు సున్నం వేసిన గదిలో నన్ను ఎవరూ కూర్చోబెట్టనే లేదు, ఎవరూ రాలేదు కాబట్టి. ఇక్కడ నాకో బల్ల ఉంది. బల్ల మీద నా పేరుంది. అది నీకు తప్పుగా కనిపిస్తే కళ్ళు మూసుకో.

బావను ఏకవచనంలో తిట్టావు. ఆయన నాకు ఫిర్యాదు చెయ్యలేదు. నువ్వే రాశావు కాబట్టి తెలిసింది. తిట్టి గొప్పగా రాసుకోవడం వీరత్వం కాదు.

ఇంకో పని ఉంది, అరవకుండా చదువు. వచ్చే ఆదివారం ఎనిమిది గంటలకు ఇక్కడ ప్రారంభం. చప్పట్ల సారు స్వయంగా వస్తున్నాడు. పాత సెంటరు నుంచి బాగా బరువు తగ్గిన ఒకరిని వేదిక మీదకు తీసుకురావాలి. అది టైలరమ్మేనని నెల కిందటే పేరు పంపాం, ఫొటో బ్యానరు మీదికి ఎక్కేసింది. ఇప్పుడు మార్చడానికి లేదు. నువ్వు చెబితే వింటుంది. కట్టు కనబడకుండా తలకు స్కార్ఫు కట్టుకోమను. రెండు మంచి మాటలు మాట్లాడితే చాలు.

ఇది అడగడం నాకు ఇష్టమై అడుగుతున్నానని అనుకోకు.

అక్క


ప్రెస్సు,
సోమవారం

మేడమ్ గారికి,

స్కార్ఫు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. అచ్చుతప్పేమో అనుకున్నాను.

మీరు చెప్పిన పని చేశాను. టైలరమ్మ దగ్గరికి వెళ్ళి, మా మేడమ్ మిమ్మల్ని కట్టు దాచుకుని వేదిక ఎక్కమంటున్నారు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "మీ అక్కే చెప్పిందా?" అంది.

"అవును. బావ మాట విని..."

"మీ బావ ఎవరు నాయనా మధ్యలో? ఆయన గిన్నెలో గంటె. వడ్డించేది మీ అక్క. నా మాత్రల సంగతి ఆవిడకి తెలీదా?"

"తెలీదు. అడగొద్దని రూలు."

టైలరమ్మ నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నేను ఎవరినీ చూడనివ్వను. "రూలు ఇప్పటిది. నేను మీ గదికి మొదట వచ్చింది సున్నం తడి ఆరకముందు. డబ్బాలు లేవు, బావా లేడు. మీ అక్కే నా మాత్రల పట్టీ వెలుతురులో పట్టుకుని పేరు చదివింది. 'ఇది వేసుకున్నాక తిండి ఆలస్యం చెయ్యొద్దు టైలరమ్మా, ప్రాణం మీదికొస్తుంది' అంది. నా మీద ఒట్టు వేయించుకుంది కూడా. అదే మనిషి మూడు నెలల కిందట గ్లాసు చేతికిచ్చి, 'రెండు పూటలు ఇదే' అంటే నేనేమనుకోవాలి? చదువుకున్న మనిషి, ఇందులో ఏదో మందు ఉండే ఉంటుంది, ఇప్పుడు తిండి అక్కర్లేదేమో అనుకున్నాను. నమ్మాను."

మొదటి ఉత్తరం మొదటి వాక్యంలో పేరు తప్పు వేశాను. ప్రూఫు దిద్దేవాణ్ణి కాబట్టి దిద్దుతున్నాను. ఆవిడను పడేసింది బావ కాదు. నీకు తెలిసీ నోరు మూసుకున్నావు. బావకు తెలియదు, అడగలేదు. అది గుడ్డితనం. నీది కళ్ళున్న గుడ్డితనం. కంచే చేను మేసింది.

"ఆవిడ నా గురించి ఏమైనా అందా" అని మొదటి ఉత్తరంలోనే అడిగావు. అప్పుడే నాకు వెలగాల్సింది. నేను చూస్తే ఆ పంక్తిని ప్రేమ అనుకున్నాను!

ఒక మాట. టైలరమ్మ ఆదివారం వస్తానంది. నేను వద్దన్నాను. "పిలిచారుగా, వస్తా. మైకు ఇస్తారుగా? ఇన్నేళ్ళు నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడకుండా పనిచేశాను. ఆదివారం నోరు ఖాళీగా పెట్టుకుని వస్తా" అంది.

నేను కరపత్రం రాస్తున్నాను. సెంటరుకు వచ్చే ప్రతి ఇంటికీ పంచుతాను. ఆపదలుచుకుంటే మా ఓనరుకు ఫోను చెయ్యి, ఉద్యోగం పోతుంది. ఉత్తరాలు మాత్రం ఆగవు.

తమ్ముడు అని సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. పెట్టను.


కొత్త సెంటరు,
బుధవారం

ఒరేయ్,

మేడమ్ అని మాత్రం అనకురా. తిట్టు, పడతాను.

తెలుసు. టైలరమ్మ చెప్పినదంతా నిజం. మాత్ర పేరు కూడా గుర్తుంది. ఆవిడ గ్లాసు కోసం కూర్చున్న రోజు చప్పట్ల సారు నా కుర్చీ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను మాట్లాడే పద్ధతి చూసి కొత్త సెంటరు ఇవ్వాలో వద్దో చెబుతాడట. టైలరమ్మ నన్ను చూసి, "ఏం తల్లీ, బాగున్నావా?" అంది. ప్రశ్న నాలుక మీదికి వచ్చింది. పక్కనుంచి ఆయన సెంటు వాసన. ప్రశ్న మింగి, "బాగున్నాను, ఎక్కండి" అన్నాను. అంతే జరిగింది. ఎవరూ నా గొంతు నొక్కలేదు. ఆయన వేలు కూడా కదపలేదు. అది తలుచుకుంటే ఆయన మీద రావాల్సిన కోపం కూడా నాకు సరిగ్గా రావడం లేదు.

సాయంత్రం ఫోను చేసి చెబుదాం అనుకున్నాను. రేపు అనుకున్నాను. ఆవిడ బరువు తగ్గుతోందని బావ రాశాడు. బాగానే ఉందిగా అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తేలికో నీకు తెలియదు. తెలియకూడదు కూడా.

నా భయం ఇప్పుడు ఆవిడ ఒక్కదాని గురించి కాదు. ఆ లారీ డ్రైవరు ఏం వేసుకుంటాడు? బట్టల కొట్టు అమ్మాయి ఏం వేసుకుంటుంది? తాతగారొకాయన చేతికర్ర పట్టుకుని వస్తాడే, ఆయన? నాకు తెలియదు. తెలుసుకోకపోవడమే ఇక్కడ నా ఉద్యోగం. రేపెవరు పడతారో, ఏ రోడ్డు మీద పడతారో. డ్రైవరు పడితే ఒక్కడే పడడు కదరా.

నిన్న చప్పట్ల సారుకు ఫోను చేసి, ఆదివారం లోపల అందరినీ మందుల గురించి అడిగి తీరాలి, అడిగాకే పొడి ఇవ్వాలి అన్నాను. ఆయన మెత్తగా నవ్వాడు. "మేడమ్, మీరు మళ్ళీ మెట్ల కిందికి వెళ్ళాలనుకుంటున్నారా?" అన్నాడు. నేనే ఒకసారి ట్రైనింగులో ఏడుస్తూ ఆయనతో చెప్పుకున్న సంగతి అది. నా చేత్తో ఇచ్చిన కత్తి. ఫోను పెట్టేశాను. ఇన్నాళ్ళకు నాకు కోపం వచ్చింది తమ్ముడూ, నువ్వు పుట్టుకతో తెచ్చుకున్న జబ్బు నాకు ఇప్పుడు అంటుకుంది.

కరపత్రం వెయ్యి. మెత్తగా రాయకు. 'యాజమాన్యం' అని రాసి తప్పించకు, నా చదువు వెయ్యి, నేను నీ అక్కననీ వెయ్యి. బావ గురించి కూడా ఉన్నదే రాయి. ఆయన నిన్న ఫోనులో, "తూకం సంగతి నేనే చెబుతాను, నా నోటితోనే, నువ్వు చెప్పకు" అన్నాడు. చెబుతాడో లేదో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ అమ్మకం తప్ప ఏదీ నిలబడి చెప్పలేదు.

ప్రారంభం ఆపలేను. బ్యానరు కట్టేశారు, పిలుపులు వెళ్ళాయి. కానీ ఎనిమిదికి ముందు ఆ వీధి వాళ్ళది కాదు, మనవాళ్ళు వచ్చి కూర్చుంటే ఎవరూ లేపలేరు.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అడగాల్సిన మనిషి నువ్వు కాదు.

అక్క


ప్రెస్సు,
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇది పోస్టులో వేస్తే ఆదివారం లోపల అందదని ప్రెస్సు బండిలో పంపుతున్నాను. నా కోపం తగ్గిందనుకోకు. దాని దిశ మారింది, అంతే. కొంత ఇంకా నీవైపే ఉంది.

కరపత్రం మిషను మీద ఉంది. ఓనరు చదివి, "నాకు తెలియకుండా వేసుకో" అని టీ తాగడానికి వెళ్ళాడు. టీ కొట్టు ఎదురుగానే ఉంది, ఆయన ఇంకా రాలేదు. నువ్వు మెత్తగా రాయొద్దన్నావు. ఇదిగో:

'మన ఆరోగ్యం పేరు చెప్పి మనకు అన్యాయం చేశారు. చేసింది పొడి డబ్బాల కంపెనీ, దాని ట్రైనరు, మన మెట్ల మీది సెంటరు, ఆ సెంటరు నడిపే పోషకాహార నిపుణురాలు. ఆమె నా సొంత అక్క. మీరు ఏ మందు వేసుకుంటున్నారో అడగొద్దని రూలు పెట్టారు. అడగకుండా మీ భోజనం మాన్పించారు. మాత్ర వేసుకుని తిండి మానేసిన టైలరమ్మ మీ కళ్ళముందే పడిపోయింది. ఆమెను మెట్ల సందులోకి మోసి నేల తుడిచారు. బూట్లతో తూచి, బూట్లు లేకుండా తూచి, తగ్గారని మీచేత చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

ఈ రోజునుంచి గ్లాసు తాగకండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి, భోజనం మానకండి. వెంటనే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఏం తింటున్నారో ఏం మానేశారో సిగ్గుపడకుండా చెప్పండి. నీరసంగా ఉన్నా చప్పట్ల కోసం దాచినవాళ్ళు ఇక దాచకండి.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు కొత్త సెంటరు ఎదుటి ఫుట్‌పాత్ మీద కలుద్దాం. ట్రైనరు ఎనిమిదికి వస్తాడు. తెచ్చుకోగలిగినవాళ్ళు ఒక కుర్చీ తెచ్చుకోండి, నిలబడలేనివాళ్ళు వస్తారు. అరవాల్సిన పని లేదు. ఆయన కారు దిగేసరికి మనం అక్కడ కూర్చుని ఉండాలి. అంతమందిమి ఒకేసారి కనబడాలి. మనలో మాట్లాడేవాళ్ళు మాట్లాడతారు. మాట్లాడలేనివాళ్ళు రండి చాలు.'

రేపు ఉదయం నుంచి పంచుతాను. లారీ డ్రైవరుకు నేనే చేతికిస్తాను, చదివి వినిపిస్తాను, బండి తీయకముందే. బట్టల కొట్టు అమ్మాయికి, తాతగారికి ముందు. బావ మధ్యాహ్నం వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు. తూకం పంక్తి వేలితో చూపించి, "ఇది నిజమే" అన్నాడు. ఒక కట్ట పట్టుకెళ్ళాడు. ఎక్కడ పంచుతాడో, ఎక్కడ పారేస్తాడో ఆదివారం తెలుస్తుంది. ఆయనతో నేనింకా మాట్లాడలేదు.

టైలరమ్మకు మొదటి కాపీ ఇచ్చాను. రెండుసార్లు చదివి, "కుట్టు గట్టిగా ఉంది ప్రెస్సబ్బాయ్" అంది. తలకు ఏమీ కట్టుకోనంది, కట్టు కనబడనీ అంది. మైకు దొరికితే నలుగురి కోసం అడగాల్సింది అడుగుతుందట. కానీ అంతకుముందు తన కోసం ఒకటి అడగాలట, నిన్నే, ఒంటరిగా. దానికి నీ జవాబు ఆవిడకు మైకులో వినడం ఇష్టం లేదట. ఏం అడుగుతావని అడిగితే, "నాచేత ఒట్టు వేయించుకున్న మనిషిని అడగాల్సింది, నీకెందుకు?" అంది.

అందుకని నువ్వు ఏడింటికి కాదు. ఆదివారం ఉదయం ఆరున్నరకు, కొత్త సెంటరు మెట్ల దగ్గర. ఆవిడ ముందే వచ్చి కూర్చుంటుంది. ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు